నెట్ పోయినప్పుడు వచ్చే డైనోసార్ ఆట: తరచుగా అడిగే ప్రశ్నలు

క్రోమ్ బ్రౌజర్‌లో ఇంటర్నెట్ తెగిపోగానే కనిపించే ఆ బూడిదరంగు డైనోసార్ గురించి పిల్లలూ పెద్దలూ తిప్పి తిప్పి అవే సందేహాలు అడుగుతుంటారు. వాటన్నిటికీ ఒకేచోట జవాబులు రాశాను. చాలామంది దీన్ని అదృష్టం మీద నడిచే ఆట అనుకుంటారు. అదృష్టం ఉన్న మాట నిజమే, కానీ దాని వెనక కచ్చితమైన లెక్కలున్నాయి. అవి తెలిస్తే స్కోరు వందల్లోంచి వేలల్లోకి వెళ్తుంది. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, ఏ జవాబుకి ఆ జవాబు పూర్తిగానే ఉంటుంది.

## మొదలుపెట్టే ముందు

ఈ ఆట ఎక్కడుంది? ఎలా మొదలుపెట్టాలి?

విడిగా డౌన్‌లోడ్ చేయాల్సింది ఏమీ లేదు. క్రోమ్ బ్రౌజర్‌తోపాటే వస్తుంది. నెట్ లేనప్పుడు ఏదైనా పేజీ తెరిస్తే, కనెక్షన్ లేదని చెప్పే సందేశం పైన చిన్న డైనోసార్ నిలబడి ఉంటుంది. కంప్యూటర్‌లో అయితే స్పేస్ బార్ నొక్కండి, ఫోన్‌లో అయితే దాని మీద వేలితో తట్టండి. అంతే, పరుగు మొదలవుతుంది.

నెట్ ఉన్నప్పుడు ఆడాలంటే వైఫై ఆపెయ్యాలా?

అక్కర్లేదు. అడ్రస్ బార్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో క్రోమ్ అని రాసి, ఖాళీ వదలకుండా కోలన్, రెండు స్లాష్‌లు, ఆ తర్వాత డైనో (డి, ఐ, ఎన్, ఓ) అని టైప్ చేసి ఎంటర్ నొక్కండి. నెట్ నడుస్తున్నా ఆట తెరుచుకుంటుంది. పైగా ఇలా తెరిస్తే ఆట కిటికీ మొత్తం పెద్దగా పరుచుకుంటుంది, కళ్లకు సుఖం. తరచూ ఆడేవాళ్లు దీన్ని బుక్‌మార్క్ చేసుకోవడం మంచిది.

డేటా ఖర్చవుతుందా?

కాదు. ఆట బొమ్మలు, శబ్దాలు అన్నీ బ్రౌజర్ లోపలే ఉంటాయి. సిగ్నల్ లేని బస్సులో కూర్చుని ఆడినా, రీఛార్జ్ అయిపోయాక ఆడినా ఒకటే. గూగుల్ 2018లో చెప్పిన ప్రకారం అప్పటికి నెలకు సుమారు 27 కోట్ల ఆటలు ఆడేవారు. అందులో ఎక్కువమంది మొబైల్ డేటా నిలకడగా దొరకని లేదా ఖరీదైన దేశాలవాళ్లు. అలాంటి దేశాల్లో గూగుల్ పేరుపెట్టి చెప్పినవి మన దేశం, బ్రెజిల్, మెక్సికో, ఇండోనేషియా. మాటిమాటికీ నెట్ పోయే ఊళ్లలో పెరిగినవాళ్లకి ఈ డైనోసార్ అంత దగ్గరిది కావడంలో వింతేమీ లేదు.

దీన్ని ఎవరు చేశారు? డైనోసారే ఎందుకు?

2014లో క్రోమ్ బృందంలోని సెబాస్టియన్ గాబ్రియెల్, అలన్ బెట్స్, ఎడ్వర్డ్ జంగ్ కలిసి చేశారు. నెట్ లేకపోవడమంటే చరిత్రకు పూర్వపు కాలానికి వెళ్లిపోవడమే అన్న ఊహలోంచి టి-రెక్స్ పుట్టింది. ఆ ఏడాది సెప్టెంబరులో విడుదలైంది, కానీ కొన్ని పాత పరికరాల మీద సరిగ్గా నడవలేదు. డిసెంబరుకి సరిచేశారు. మొదట్లో అది గర్జించాలి, కాలు ఝాడించాలి లాంటి ఆలోచనలు కూడా చేశారట. చివరికి పాతకాలపు వీడియో గేముల్లోలాగా పరిగెత్తడం, ఎగరడం, వంగడం మాత్రమే ఉంచారు. నా దృష్టిలో ఆట ఇన్నేళ్లు నిలవడానికి అదే కారణం. పదేళ్ల పిల్లాడికైనా, అరవై ఏళ్ల తాతకైనా నేర్పడానికి రెండు మాటలు చాలు.

మా కాలేజీ ల్యాబ్‌లో డైనోసార్ కనిపిస్తుంది గానీ ఆడనివ్వడం లేదు. కంప్యూటర్ పాడైందా?

పాడవలేదు. బడులు, ఆఫీసులు తమ కంప్యూటర్లలో ఈ ఆటను ఆపేసుకునే వీలు క్రోమ్‌లోనే ఉంది. పిల్లలూ ఉద్యోగులూ పని మానేసి దీని మీద పడుతున్నారని, నిర్వాహకుల కోసమే ఆ ఏర్పాటు చేశారు. దాన్ని దాటే ప్రయత్నాలు వద్దు. ఇంటికెళ్లాక ఆడుకోండి.

## మొదటి కొన్ని వందలు

ఏ కీలు వాడాలి?

ఎగరడానికి స్పేస్ బార్ గానీ పై బాణం గానీ. వంగడానికి కింది బాణం. ఎడమచేతి బొటనవేలు స్పేస్ మీద, కుడిచేతి వేలు కింది బాణం మీద పెట్టుకోమని నా సలహా. ఒకే చేత్తో పై బాణం, కింది బాణం రెండూ నొక్కేవాళ్లు వేగం పెరిగాక తడబడతారు. రెండు పనులకీ రెండు చేతులుంటే ఆ ఇబ్బంది ఉండదు.

మొదలవగానే ఏమీ రావడం లేదేంటి?

మొదటి మూడు సెకన్లు దారి ఖాళీగానే ఉంటుంది, అలా పెట్టారు. ఆ తర్వాత జెముడు చెట్లు మొదలవుతాయి. ముందు చిన్నవీ, ఒంటరి పెద్దవీ వస్తాయి. స్కోరు 160 దాటే వేళకి పెద్ద జెముళ్లు కూడా రెండు, మూడు కలిసి గుంపుగా రావడం మొదలుపెడతాయి. ఒక గుంపులో మూడుకి మించి ఉండవు.

సరిగ్గానే ఎగిరినట్టుంది, అయినా తగులుతోంది. ఎందుకు?

నూటికి తొంభై సార్లు కారణం ఒకటే: చూపు డైనోసార్ మీద ఉండటం. అది ఎప్పుడూ తెరకు ఎడమవైపు, ఉన్నచోటే ఉంటుంది. దాన్ని చూస్తూ కూర్చుంటే చెట్టు కాళ్ల దగ్గరికి వచ్చాకే తెలుస్తుంది. చూపు తెర మధ్యకి, వీలైతే కుడివైపుకి జరపండి. ఎదురొచ్చేదాన్ని చూస్తూ చేత్తో నొక్కడం అలవాటు కావాలి.

ఇంకో కారణం, ఆలస్యంగా నొక్కడం. ఒక ఎగురుడు పూర్తవడానికి అర సెకను పైచిలుకు పడుతుంది. వేగం ఎంత పెరిగినా ఈ సమయం పెద్దగా మారదు, కానీ ఆ అర సెకనులో నేల కదిలే దూరం మాత్రం రెట్టింపు దాకా పెరుగుతుంది. అందుకే మొదట్లో పనిచేసిన కొలత తర్వాత పనిచేయదు. వేగం పెరిగేకొద్దీ కాస్త ముందే ఎగరడం మొదలుపెట్టాలి.

చెట్టు అంచు తగిలీ తగలనట్టు ఉన్నా అవుట్ ఇస్తోంది, కొన్నిసార్లు తగిలినట్టే ఉన్నా వదిలేస్తోంది. ఇదేం న్యాయం?

ఆట బొమ్మ గీతల్ని చూడదు, పెట్టెల్ని చూస్తుంది. పరిగెత్తే డైనోసార్ ఒంటిని ఆరు చిన్న దీర్ఘచతురస్రాకారపు పెట్టెలుగా విడగొట్టారు. తలకొకటి, నడుముకొకటి, కాళ్లకొకటి, అలా. ప్రతి జెముడుకీ మూడు పెట్టెలు: నడిమి కాండం, అటూ ఇటూ చేతులు. డైనోసార్ పెట్టె, జెముడు పెట్టె ఒకదానిమీద ఒకటి పడితేనే ఆట ముగుస్తుంది. తోక చివర, జెముడు చేతుల పైన ఉన్న ఖాళీ లాంటివి ఏ పెట్టెలోకీ రావు, అందుకే అక్కడ తగిలినట్టు కనిపించినా బతికిపోతారు. అన్యాయమేమీ లేదు, ఉన్నంతలో ఆడేవాడి వైపే మొగ్గింది.

స్పేస్ గట్టిగా నొక్కితే ఎక్కువ ఎగురుతుందా?

గట్టిదనంతో పని లేదు, ఎంతసేపు నొక్కారన్నదే లెక్క. నొక్కి వెంటనే వదిలేస్తే కాస్త తక్కువ ఎత్తు, పట్టుకుని ఉంచితే పూర్తి ఎత్తు. తేడా కొద్దిగానే ఉంటుంది, కానీ ఒంటి చిన్న జెముడు దాటేటప్పుడు ఆ కొద్దిపాటి తేడాతోనే త్వరగా నేల మీదికి దిగొచ్చు. ఒక జాగ్రత్త: స్పేస్ పట్టుకుని అలాగే ఉండిపోతే, దిగీ దిగగానే మళ్లీ ఎగిరిపోతుంది. అవసరం తీరగానే వదిలేయండి.

ప్రతి వందకీ అంకెలు ఆగిపోతున్నాయి, స్కోరు పోతోందా?

పోదు. వంద పూర్తయినప్పుడల్లా ఒక శబ్దం వచ్చి, అంకెలు కాసేపు మెరుస్తాయి. మెరుస్తున్నంతసేపు ఆగినట్టు కనిపిస్తాయి గానీ లోపల లెక్క సాగుతూనే ఉంటుంది.

## 450 దాటాక: పక్షులు

ఆ ఎగిరేవి ఎప్పుడొస్తాయి? నాకు కనిపించనే లేదు.

ఆ రెక్కల జీవుల్ని అందరూ పక్షులనే అంటారు. అవి టెరోడాక్టిల్ జాతి ఎగిరే సరీసృపాలు, 2015లో ఆటలోకి వచ్చాయి. అవి రావడానికి పరుగు వేగం ఒక మోతాదు దాటాలి. మామూలు స్క్రీన్ మీద ఆ వేగం స్కోరు 450 దగ్గర అందుతుంది, అంటే నలభై సెకన్లు దాటి బతకాలి. అంతకు ముందే ఆట ముగిసేవాళ్లకి అవి ఉన్నాయన్న సంగతే తెలియదు.

పక్షి రాగానే కంగారు పుడుతోంది. ఎగరాలా, వంగాలా?

కంప్యూటర్‌లో ఆడేవాళ్లకి పక్షులు మూడు ఎత్తుల్లో వస్తాయి. అన్నిటికన్నా కిందది దాదాపు నేలను రాసుకుంటూ వస్తుంది. దానికి ఎగరాల్సిందే, వంగితే తగులుతుంది. మధ్యది సరిగ్గా తల ఎత్తులో వస్తుంది, దానికి వంగితే చాలు. పైది తలకు పైన పోతుంది, దానికి అసలేమీ చేయక్కర్లేదు. ఎగిరితే మాత్రం నేరుగా వెళ్లి దానికే తగులుతారు. నేను చూసినంతలో కొత్తవాళ్లు పోగొట్టుకునే ఆటల్లో ఎక్కువ భాగం ఇక్కడే పోతాయి, ఎగరనక్కర్లేని చోట ఎగిరి.

మూడు ఎత్తులూ గుర్తుపెట్టుకోవడం కష్టమైతే ఇలా అనుకోండి: పక్షి నేల దగ్గరుంటే ఎగరాలి, ఇంకెక్కడున్నా వంగాలి. మధ్య పక్షికీ పై పక్షికీ వంగడం పనికొస్తుంది కాబట్టి తేల్చుకోవాల్సింది ఒక్కటే, నేల దగ్గరుందా లేదా అని. ఈ ఒక్క అలవాటు పట్టుబడితే పక్షులంటే భయం పోతుంది.

కొన్ని పక్షులు వేగంగా, కొన్ని నెమ్మదిగా వస్తున్నట్టు అనిపిస్తోంది. నా భ్రమా?

భ్రమ కాదు. జెముళ్లు నేలతోపాటే కదులుతాయి. పక్షులకి మాత్రం సొంత వేగం ఉంటుంది, కొన్ని నేలకన్నా కొంచెం వేగంగా, కొన్ని కొంచెం నెమ్మదిగా. ఏది ఎలా వస్తుందో సగం సగం అవకాశం. అందుకే జెముడుకి కుదిరిన లయ పక్షికి కుదరదు. నేల మీది పక్షి మీదుగా ఎగిరేటప్పుడు అలవాటు లయను నమ్మకండి, అది కదిలే తీరు చూసి నొక్కండి.

ఫోన్‌లో వంగడం ఎలా?

ఫోన్‌లో వేలితో తట్టడం, ఎగరడం, అంతే. వంగే పని పెట్టలేదు. అందుకు తగ్గట్టే మధ్య ఎత్తు పక్షిని ఫోన్‌లో రానివ్వరు. అక్కడ వచ్చేవి రెండే: నేల దగ్గరిది, దానికి ఎగరండి, పైది, దాన్ని వదిలేయండి.

ఫోన్ నిలువుగా పట్టుకోవాలా, అడ్డంగానా?

నిలువుగా పట్టుకుంటే తెర వెడల్పు తక్కువ కాబట్టి ఆట మొదట్లో కాస్త నెమ్మదిగా నడుస్తుంది. నేర్చుకునేవాళ్లకి అదే సులువు. కానీ ముందున్న దారి తక్కువ కనిపిస్తుంది. వేగం పెరిగాక అడ్డంగా పట్టుకున్నవాళ్లకే వచ్చేది ముందుగా తెలుస్తుంది. పెద్ద స్కోరు కోసం ఆడేవాళ్లు అడ్డం చేయడమే మేలు.

## 700 నుంచి పైకి

ఉన్నట్టుండి తెరంతా నల్లబడింది, అవుట్ అయ్యాను. ఏమైంది?

రాత్రి అయింది. స్కోరు 700 దాటగానే రంగులు తారుమారై, చందమామ, చుక్కలు కనిపిస్తాయి. సుమారు పన్నెండు సెకన్లు ఉండి మళ్లీ పగలవుతుంది. 1,400, 2,100 ఇలా ప్రతి 700కీ ఇదే జరుగుతుంది. ఆటలో రంగు తప్ప ఇంకేదీ మారదు. జెముళ్లు, పక్షులు, వేగం అన్నీ అవే. అంకెలు 690 దాటుతున్నాయంటే రంగు మారబోతోందని మనసులో అనుకుంటే చాలు, ఉలిక్కిపడరు. ఒక చిన్న ముచ్చట: రాత్రి వచ్చినప్పుడల్లా చందమామ ఆకారం మారుతుంది. చూసే తీరిక దొరికితే చూడండి, ముద్దుగా ఉంటుంది.

వేగం ఇలా పెరుగుతూనే ఉంటుందా? ఎక్కడా ఆగదా?

ఆగుతుంది. చాలామందికి తెలియని సంగతి ఇది. మామూలు 60 హెర్ట్జ్ (సెకనుకి 60 సార్లు బొమ్మ మార్చే) స్క్రీన్ మీద రెండు నిమిషాల లోపే, అంటే స్కోరు 1,600 నుంచి 1,700 మధ్య, వేగం గరిష్ఠానికి చేరుతుంది. మొదటి వేగానికి అది రెండింతలకి కొంచెం ఎక్కువ. ఆ తర్వాత లక్ష స్కోరుకి వెళ్లినా వేగం అంతే. కాబట్టి 1,700 దాకా నిలబడగలిగినవాళ్లకి ఆట ఇంకా కష్టమవ్వదు. అక్కడి నుంచి కావాల్సింది ఓపిక, కన్ను ఆర్పకుండా చూడగలగడం.

ఒక చెట్టు దాటి దిగేలోపే ఇంకోటి వచ్చి తగులుతోంది. దీనికి మార్గం లేదా?

ఉంది. గాల్లో ఉండగా కింది బాణం నొక్కండి. డైనోసార్ మామూలుకన్నా మూడింతల జోరుతో నేల మీదికి దిగిపోతుంది. చెట్టు కొన దాటిందనిపించగానే నొక్కాలి. అప్పుడు తర్వాతి ఎగురుడికి తగినంత నేల మిగులుతుంది. 1,000 పైన ఆడేవాళ్లకీ అంతకు ముందే ఆగిపోయేవాళ్లకీ ఉన్న తేడా చాలావరకు ఈ ఒక్క ఒడుపే.

ఇందులో ఒక చిక్కుంది. కింది బాణం అలాగే పట్టుకుని ఉంటే డైనోసార్ దిగాక వంగిపోతుంది. వంగి ఉన్నంతసేపు స్పేస్ ఎన్నిసార్లు నొక్కినా ఎగరదు. కీబోర్డు పనిచేయలేదని చాలామంది అనుకునేది ఇక్కడే. కింది బాణాన్ని టక్కున నొక్కి వదిలేయాలి, తర్వాతే స్పేస్.

తర్వాత ఏం వస్తుందో ముందుగా ఊహించొచ్చా?

పూర్తిగా కాదు గానీ కొంత ఊహించొచ్చు. అడ్డంకులు మూడు రకాలు: చిన్న జెముడు, పెద్ద జెముడు, పక్షి. ఒకే రకం వరసగా రెండుసార్లకి మించి రాదు. రెండు పక్షులు వెంటవెంటనే వచ్చాయంటే మూడోది కచ్చితంగా జెముడే, అంటే ఎగరడానికి సిద్ధంగా ఉండొచ్చు.

ఇంకొకటి, ఒక అడ్డంకి తర్వాత వదిలే ఖాళీ దాని వెడల్పుని బట్టి ఉంటుంది. మూడు జెముళ్ల గుంపు దాటాక ఊపిరి పీల్చుకునే ఖాళీ దొరుకుతుంది. పక్షి తర్వాత కూడా అంతే. ఒంటి చిన్న జెముడు తర్వాత మాత్రం ఖాళీ తక్కువ. చూడ్డానికి అన్నిటికన్నా సులువుగా ఉండేదే ఎక్కువ ప్రమాదం తెస్తుంది. పూర్తి వేగంలో దాని మీదుగా నిండుగా ఎగిరితే దిగేచోటికి దగ్గర్లోనే తర్వాతిది ఉంటుంది. అందుకే చిన్న జెముడు కనిపిస్తే కింది బాణం మీద వేలు సిద్ధంగా పెట్టుకోండి.

మధ్యలో ఫోన్ వస్తే, ఎవరైనా పిలిస్తే ఆట ఆపొచ్చా?

వేరే ట్యాబ్‌కి మారితే ఆట ఆగుతుంది. కానీ తిరిగి రాగానే లెక్క పెట్టకుండా, హెచ్చరిక లేకుండా వెంటనే పరుగు మొదలవుతుంది. ముందు ఖాళీ ఉన్నప్పుడు మారడం, వచ్చేటప్పుడు వేళ్లు కీల మీద పెట్టుకునే రావడం మంచిది.

## స్కోరు సంగతులు

ఆటకి ముగింపు ఉందా? చివరి లెవెల్ ఎలా ఉంటుంది?

లెవెల్స్ లేవు, చివర గెలుపు జెండా కూడా లేదు. టి-రెక్స్ జాతి భూమ్మీద బతికినంత కాలం, అంటే దాదాపు 1.7 కోట్ల ఏళ్లు సాగేలా చేశామని దాన్ని చేసినవాళ్లు 2018లో సరదాగా చెప్పారు. ఆడేవాళ్లకి మాత్రం ఎప్పుడో ఒకప్పుడు జెముడు తగలడమే ముగింపు.

మా ఫ్రెండ్ 99,999 స్కోరు స్క్రీన్‌షాట్ పంపాడు. నిజంగా కొట్టొచ్చా?

లెక్క వేసి చూద్దాం. మొదట్లో సెకనుకి 9 పాయింట్లు వస్తాయి, పూర్తి వేగంలో 19 నుంచి 20 మధ్య. ఆ లెక్కన 99,999 చేరడానికి పూర్తి వేగంలో గంటా ఇరవై నిమిషాలకు పైగా, ఒక్క తప్పు కూడా లేకుండా ఆడాలి. అసాధ్యమని అనను, కానీ చాలా అరుదు. బ్రౌజర్‌లోని డెవలపర్ సాధనాలతో డైనోసార్‌కి ఏది తగిలినా పోకుండా చేసే చిట్కాలు చాలాకాలంగా తిరుగుతున్నాయి. కాబట్టి ఒక్క స్క్రీన్‌షాట్ చూసి నమ్మక్కర్లేదు. పక్కన కూర్చుని కొట్టిన 2,000 స్కోరుకే నేనైతే ఎక్కువ విలువిస్తాను.

నా హైస్కోరు చెరిపి మళ్లీ మొదలుపెట్టాలనుంది. ఎలా?

ఆట ముగిశాక, పైన కుడివైపు కనిపించే హైస్కోరు అంకెల మీద ఒకసారి నొక్కండి. అవి మెరవడం మొదలుపెడతాయి. మెరుస్తుండగా ఇంకోసారి నొక్కితే సున్నా అవుతుంది. ఇంట్లో ఒకే కంప్యూటర్ మీద అన్నాచెల్లెళ్లు పోటీ పడేటప్పుడు ఇది బాగా పనికొస్తుంది.

పుట్టినరోజు టోపీ పెట్టుకున్న డైనోసార్ నిజమేనా?

నిజమే. 2018 సెప్టెంబరులో క్రోమ్‌కి పదేళ్లు నిండినప్పుడు దారిలో కేకు వచ్చేది, అది తింటే డైనోసార్ తల మీదికి టోపీ వచ్చేది. 2021లో టోక్యో ఒలింపిక్స్ సమయంలోనూ క్రీడల వేషాలు వేశారు. రెండూ కొన్నాళ్ల ముచ్చట్లే.

మా అమ్మమ్మకి వేగం అందడం లేదు, ఆమెకి ఆడాలని ఉంది. చూపు సరిగా లేనివాళ్లు ఆడగలరా?

నెమ్మదిగా మొదలయ్యే ఏర్పాటు ఆటలోనే ఉంది. డైనో పేజీ తెరిచి ట్యాబ్ కీ నొక్కుతూ వెళ్తే నెమ్మదిగా మొదలుపెట్టే టిక్ పెట్టె కనిపిస్తుంది. అది పెట్టుకుంటే పరుగు నిదానంగా ఉంటుంది. చూపు లేనివాళ్లు స్క్రీన్ రీడర్‌తో (తెర మీది మాటల్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో) తెరిస్తే అడ్డంకి దగ్గరికి వస్తుండగా ఒక శబ్దం వినిపిస్తుంది, అది విని స్పేస్ నొక్కాలి. అమ్మమ్మ పక్కన కూర్చుని మొదటి రెండు మూడు సార్లు ఎగరాల్సిన వేళ మీరే నోటితో చెప్పండి. తర్వాత మీ అవసరం ఉండదు, కంప్యూటర్ మాత్రం మీకు దొరకదు.